పేరు తాగే రాయి

కుంభినీ నదికి ఇటూ అటూ కలిపి ఏడు దేశాలున్నాయి. ఆ ఏడింటికీ పేర్లు ఎలా వచ్చాయో చెప్పమంటే చెప్పలేనివాడు ఆ ప్రాంతంలో పుట్టనే లేదు. సౌరభిక దేశానికి ఆ పేరెందుకయ్యా అంటే, అక్కడి బియ్యం ఒక ఇంట వండితే మూడు వీధులు ఘుమఘుమలాడతాయి గనక అంటారు. తరంగిణి దేశం సంగతి అడిగితే, ఒకానొక ముని నడుస్తూ కమండలం ఒలకబోసుకున్నాడనీ, ఆ నీళ్ళే అలలై లేచాయనీ అంటారు. ముని ఎందుకు చూసుకోలేదని మాత్రం అడగకూడదు. అడిగితే ఇంకో కథ మొదలవుతుంది, అన్నాల వేళ దాటిపోతుంది. మేఖల దేశం కథ అన్నిటికన్నా తేలిక. చుట్టూ కొండలు, నడుమ దేశం. కొండలన్నీ కలిసి ఒడ్డాణంలా ఉన్నాయి. ఒడ్డాణమంటే మేఖల. అయిపోయింది. మేఖల దేశపు పిల్లలు ఈ మాటను ఉగ్గుపాలతో తాగుతారు. శిల్పి సింగన కూడా తాగాడు. ఇరవై నాలుగేళ్ళపాటు దాన్ని నమ్మాడు కూడా.

ఆ రోజు బారెడు పొద్దెక్కేసరికి సింగన పేరులేని లోయలో, మేఖల దేశపు పొలిమేరకు ముప్పై అడుగుల ఇవతల, నిలువెత్తు నల్లరాతి ముందు కూర్చుని ఉలికి పదును పెడుతున్నాడు.

ఆ లోయ అందం చెప్పాలంటే ఆస్థాన కవికైనా ఊపిరి చాలదు. ఉత్తరాన కొండ చరియల మీంచి నూటొక్క సెలయేళ్ళు దిగుతుంటాయి. వాటి గట్ల పొడుగునా మోదుగులు పూసి అడవి అంటుకుందా అనిపిస్తుంది. నడుమ పచ్చని పైరు, పైరు మీద గుంపులుగా వాలే తెల్లకొంగలు, కొంగల్ని అదిలించడానికి మనసొప్పని రైతులు. ఇంత అందమైన నేలకు పేరు లేదు. అక్కడివాళ్ళు "మా నేల" అనుకునేవారు, అది చాలనుకునేవారు.

వజ్రకూటాన్నేలే ఉద్దండవర్మకు మాత్రం అది చాలలేదు. పోయిన హేమంతంలో ఆయన సేనలతో వచ్చి లోయను పట్టుకున్నాడు. పట్టుకున్నాడే గానీ లోయ ఆయనకు చిక్కలేదు. కట్టిన కోట మూడో నాటికి కూలింది. తవ్విన కందకం తెల్లారేసరికి పూడిపోయింది. పేరు పెట్టని నేల పిలిస్తే పలకదనీ, పేరు పెట్టి పొలిమేర రాయి నాటితేనే అది దేశమవుతుందనీ, అప్పుడు ఇక్కడ కోట కట్టుకుని పక్కనున్న మేఖల మీద పడవచ్చనీ ఆస్థాన మాంత్రికుడు కరాళజిహ్వుడు చెప్పాడు.

ఆ రాయి నాటడం వెనక మర్మమేమిటో చూసి రమ్మని మేఖల రాజు సింగనను పంపాడు. సింగన చెవికి ఇత్తడి పోగు తగిలించుకుని, గడ్డం పెంచి, తరంగిణి దేశపు శిల్పి కాచన అని పేరు మార్చుకుని వజ్రకూటపు శిల్పుల్లో చేరిపోయాడు. శిల్పి శిల్పి వేషం వేయడమంత సుళువు ఇంకోటి లేదు. సుళువైన పనిలోనే మనిషి ఒళ్ళు మరుస్తాడు. సింగనా మరిచాడు.

మూడు రోజుల కిందట కరాళజిహ్వుడు అతని పక్కన కూర్చుని, "కాచనా, ఈ లోయంతా తిరిగావు కదా. ఇక్కడ అందరికంటే ఓర్పుగలవాళ్ళెవరు?" అని ఊసుపోకకు అడిగినట్టే అడిగాడు.

సింగన ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. "పడవ నడిపే చెంగలువ," అన్నాడు. "సైనికులు ఆ పిల్ల పడవను మూడుసార్లు పగలగొట్టారు. మూడోసారి పగలగొట్టినవాళ్ళే ఏట్లో మునుగుతుంటే ఈది వెళ్ళి జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది. పైగా తాగమని తన అంబలి ఇచ్చింది. ఆ ఓర్పు భూదేవికైనా ఉండదు స్వామీ!"

"ఉండదు, ఉండదు," అని మాంత్రికుడు తలూపుకుంటూ వెళ్ళిపోయాడు. పిల్లకు ఏ బహుమానమో ఇప్పించానని సింగన ఆ పూట సంబరపడ్డాడు.

ఇప్పుడు డోళ్ళు మోగుతుంటే తలెత్తి చూశాడు. నలుగురు భటుల నడుమ చెంగలువ నడిచి వస్తోంది. కొత్త చీర కట్టారు. నుదుట కుంకుమ దిద్దారు. మెడలో మాత్రం ఎర్రగన్నేరు దండ వేశారు. ఎర్రగన్నేరు దండ ఏ దేశంలోనైనా ఒక్కరికే వేస్తారు, తల తెగబోయేవాడికి. దేశమే కాని ఆ లోయలో పుట్టిన పిల్లకు ఆ సంగతి తెలియదు.

సింగన చేతిలోని ఉలి జారి కాలిమీద పడింది. నొప్పి కూడా తెలియలేదు.

"ముమ్మయ తాతా!" అని పక్కనున్న ముసలి శిల్పి భుజం పట్టుకుని ఊపాడు. ముమ్మయ ఆ జట్టుకంతటికీ పెద్ద. ఎనభై ఏళ్ళవాడు. పొలిమేర రాళ్ళు చెక్కీ చెక్కీ నడుము వంగిపోయినవాడు. "ఆ పిల్ల మెడలో ఆ దండేమిటి? ఏం చేసిందని?"

ముమ్మయ అటూ ఇటూ చూశాడు. దేశాల పేర్లు చెక్కే శిల్పులు పనిలో చేరేనాడు నాలుక మీద చిటికెడు రాతిపొడి వేసుకుని ఒట్టు పెడతారు. చూసింది ఎవరికీ చెప్పబోమని ఆ ఒట్టు. ముసలివాడు అరవై ఏళ్ళు ఆ ఒట్టు నిలుపుకున్నాడు. ఇప్పుడు తుపుక్కున ఉమ్మేశాడు.

"వచ్చిన రోజే గుర్తుపట్టానురా నిన్ను. గడ్డం పెంచితే మాత్రం ఆ కళ్ళు ఎక్కడికి పోతాయి? నువ్వు కాచనవీ కాదు, తరంగిణివాడివీ కాదు. మీ అమ్మ పోలిక అంతా దిగింది నీకు."

సింగన అతనికి దగ్గరగా జరిగాడు. "మా అమ్మ నీకెలా తెలుసు? నాకు రెండేళ్ళప్పుడే జ్వరంతో పోయింది కదా!"

"పోలేదురా నాయనా. ఇదిగో, ఆ పిల్లను ఇప్పుడు ఎక్కడికి పంపుతున్నారో మీ అమ్మ అక్కడే ఉంది." ముమ్మయ వణికే చేత్తో నల్లరాతిని చూపించాడు. "దేశానికి పేరు ఊరికే రాదు. బియ్యం వాసనకూ రాదు, ముని కమండలానికీ రాదు. అవన్నీ జనాన్ని నిద్రపుచ్చే కథలు. బతికున్న మనిషి పేరే దేశానికి పెడతారు. మనిషి ఒళ్ళు రాయికి తగులుతుండగా పేరులో చివరి గీత చెక్కాలి. అంతే. రాయి ఆ మనిషిని తాగేస్తుంది. ఆ తరవాత ఆ మనిషి ఉండదు, దేశం ఉంటుంది. సౌరభిక ఒక కంసాలివారి పిల్ల. తరంగిణి ఒక విధవరాలు. నేను చూడలేదు, మా తాత చూశాడు."

"మరి మేఖల?"

ముప్పై అడుగుల అవతల, నున్నగా అరిగిన మేఖల దేశపు పొలిమేర రాయి నిలబడి ఉంది. ముమ్మయ దానివైపు చూసి తల దించుకున్నాడు.

శిల్పుల వాడలో పెళ్ళాం పేరు మొగుడు పలకడు. పోయినవాళ్ళ పేరు అసలెవరూ పలకరు. అందుకే అమ్మ పేరేమిటో తనకు తెలియలేదనుకున్నాడు సింగన ఇన్నాళ్ళూ. తండ్రి తమ దేశాన్ని ఎన్నడూ పేరుపెట్టి అనేవాడు కాదు. "మన నేల" అనేవాడు, "ఇక్కడ" అనేవాడు. ముసలాయన చాదస్తమని సింగన ఎన్నోసార్లు నవ్వుకున్నాడు కూడా.

"ఆ రాయి చెక్కింది నేనే," అన్నాడు ముమ్మయ. "ఇరవై రెండేళ్ళయింది. ఇప్పటి మీ రాజుకు అన్న ఉండేవాడు, ఆయన హయాంలో. ఆ రహస్యం ఆయనతోనే చితికెక్కింది. ఇంకా దేశం కాని మీ కొండసీమ వాళ్ళకూ వజ్రకూటానికీ రోజూ కొట్లాటలే అప్పట్లో. దేశంగా విడదీస్తే యుద్ధం ఆగుతుందన్నారు. మీ అమ్మ ఒక్కటే అడిగింది. 'నిజంగా ఆగుతుందా?' అంది. ఆగుతుందమ్మా అన్నారు. 'అయితే త్వరగా కానివ్వండి, పిల్లాడు అరుగు మీద ఒక్కడే ఉన్నాడు' అంది. తిరిగి ఇంటికి వెళ్తాననుకుందిరా పిచ్చితల్లి! నా నోరు పెగల్లేదు. గీత చెక్కేశాను."

సింగన లేచాడు. ఎలా నడిచాడో, ఎవరు చూశారో తెలియదు. మేఖల రాతి దగ్గరకు వెళ్ళి రెండు చేతులూ ఆనించాడు. పొద్దుటి ఎండకు రాయి వెచ్చబడిందనుకున్నాడు. ఎండ పడని వైపు చెయ్యి వేసి చూశాడు. అటూ వెచ్చగానే ఉంది. మనిషి ఒంటి వెచ్చదనం. చెవి ఆనించాడు. లోపల ఏదో కొట్టుకుంటోంది, నెమ్మదిగా, తొందరేమీ లేకుండా. ఆ చప్పుడు మధ్య సన్నగా ఒక ఆడగొంతు వినిపించింది.

"సింగా... అరుగు దిగకురా. వస్తున్నా. ఇప్పుడే వచ్చేస్తున్నా."

ఆమెకు ఆ ఇరవై రెండేళ్ళూ గడవనే లేదు. ఇంకా ఆ పొద్దుటి పూటే. పిల్లాడు ఇంకా అరుగు మీదే ఉన్నాడు. సింగన జన్మలో ఎన్నడూ ఏడవనంత ఏడ్చాడు, చప్పుడు కాకుండా, పిడికిలి నోట్లో కుక్కుకుని.

అంతలో కొమ్ముబూర మోగింది. అతనికి చెంగలువ గుర్తొచ్చింది. ఆ పిల్లను చూపించింది తనే. నోరారా మెచ్చుకుని ఉరితాడు దగ్గరకు నడిపించింది తనే.

సింగన కళ్ళు తుడుచుకుని వెనక్కి వచ్చాడు. రాతి పక్కన చెంగలువ నిలబడి ఉంది. భటులు మజ్జిగ తాగుతున్నారు. ఆమె చెయ్యి పట్టుకుని, "చెల్లీ, పరుగెత్తు! ఏటి దాకా ఆగకు!" అన్నాడు.

"ఎందుకన్నా? నేలకు పసుపు కుంకుమలు పెట్టించి పంపేస్తామన్నారే!"

"చంపుతారు!"

ఇద్దరూ పరుగు తీశారు. పైరు గట్ల మీంచి దూకారు. కొంగలు ఒక్కసారిగా లేచి ఆకాశమంతా తెల్లబడింది. వెనక నుంచి నాలుగు ఈటెలు వచ్చాయి. ఒకటి సింగన చెవిపోగును తెంచుకుపోయింది. ఏరు కనిపించింది. గుంజకు కట్టిన పడవ కనిపించింది. ఇంకో పది అంగలే ఉన్నాయి.

"చెంగలువా! కాచనా!"

కరాళజిహ్వుడి గొంతు అది. అతని నాలుక నల్లగా, గడ్డం దాకా వేలాడుతూ ఉంటుంది. ఆ నాలుకతో ఒక్క గుక్కలో ఎవరెవరిని పేరుపెట్టి పిలిస్తే వాళ్ళంతా ఉన్నచోటే కొయ్యబారిపోతారు. అతని నోటినుంచి మళ్ళీ ఇంకో మాట వచ్చేదాకా ఆ కట్టు విడవదు. చెంగలువ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. కళ్ళు మాత్రం బెదురుగా తిరుగుతున్నాయి.

సింగనకు ఏమీ కాలేదు! కాచన అతని పేరైతే కదా! కానీ కదిలితే పేరు దొంగపేరని తేలిపోతుంది, వేగులవాడని తెలిసిపోతుంది, తల అక్కడే ఎగిరిపోతుంది. ఒంటికాలి మీద అలాగే బిగుసుకుపోయాడు. అదే సమయమని ఒక జోరీగ వచ్చి ముక్కు మీద వాలి తీరిగ్గా కాళ్ళు దులుపుకుంది. భటులు వచ్చి ఇద్దరినీ దుంగల్లా భుజానికెత్తుకునేదాకా సింగన కన్నార్పలేదు. ఆ నిగ్రహానికి ఏ యోగి అయినా సిగ్గుపడాల్సిందే.

రాతి దగ్గర దింపి, చెంగలువను దానికి కట్టేశాక మాంత్రికుడు నోరు విప్పాడు. "శిల్పీ, మళ్ళీ కాలు కదిపితే ఈసారి నిన్ను కాదు, నీ గుండెను పిలుస్తాను. ఉలికి పదును పెట్టిన చెయ్యే పేరు చెక్కాలి గనక బతికిపోయావు. చెక్కు. 'చెంగలువ' అని నాలుగక్షరాలు. చివరి తలకట్టు మాత్రం నడినెత్తిన పొద్దు వచ్చినప్పుడు, ప్రభువులు ధార పోస్తుండగా."

రాతిమీద ఎర్రపట్టు కప్పారు. దేశం పేరు పుట్టేదాకా శిల్పి తప్ప ఎవరూ చూడకూడదని ఆచారం. సింగన ఉలీ సుత్తీ తీసుకుని ఆ పట్టు కిందికి దూరాడు. లోపల ఎర్రని చీకటి. అవతలి పక్క నుంచి చెంగలువ ఊపిరి వినిపిస్తోంది.

"అన్నా," అంది మెల్లగా, "నొప్పి పుడుతుందా?"

మంచివాళ్ళయితే తన్నుకోరు, తిట్టరు, శాపాలు పెట్టరు. అందుకే ఏరి ఏరి వాళ్ళనే ఇస్తారు కాబోలు అనుకున్నాడు సింగన. ఒళ్ళు మండిపోయింది. అసలే మొండివాడు. ఊళ్ళో వాళ్ళు అతనితో పందెం కాయడం మానేసి పదేళ్ళయింది. బయట ఉద్దండవర్మ పళ్ళు పటపట కొరకడం వినిపించింది. ఆయనకు అది అలవాటు. కోపమొచ్చినా కొరుకుతాడు, ఆకలేసినా కొరుకుతాడు. ధార పోసేటప్పుడు రాజు కూడా రాతిమీద చెయ్యి వేయాలి కదా?

సింగన ఉలి ఆనించాడు. మొదటి అక్షరం చెక్కాడు. రెండోది చెక్కాడు. మూడోది తలకట్టు లేకుండా వదిలాడు. మూడే అక్షరాలు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. భేరీలు మోగాయి. ఉద్దండవర్మ రాగిచెంబుతో వచ్చి, ఎడమచెయ్యి రాతి తలమీద వేసి, "ఈ నేలను నా ఏలుబడిలోకి పిలుస్తున్నాను. దీని పేరు ఎప్పటికీ నిలుచుగాక!" అని నీళ్ళు వదిలాడు.

"నిలుస్తుంది ప్రభూ," అని సింగన తలకట్టు కొట్టాడు.

భూమి ఒక్కసారి గుటక వేసింది. రాజు చెయ్యి మణికట్టు దాకా రాతిలోకి దిగింది. ఆయన చెంబు వదిలేసి లాక్కోబోయాడు. మోచెయ్యి దిగింది, భుజం దిగింది. "ఎవడ్రా..." అన్నాడు. ఆ మాట పూర్తి కాలేదు. కిరీటం ఒక్కటే రాతికి తగిలి ఠంగుమని కిందపడింది. ఎర్రపట్టు జారిపోయింది. రాతిమీద 'ఉద్దండ' అని మూడక్షరాలు కొత్తగా మెరుస్తున్నాయి.

మూడువేల మంది సైనికుల్లో ఒక్కడూ దగ్గలేదు. ఏనుగులు సైతం చెవులు ఆడించడం మానేశాయి. సింగన ఉలితో చెంగలువ కట్లు కోసి, "అయిపోయింది చెల్లీ, ఇక భయం లేదు," అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు.

ముమ్మయ రాతిమీద అక్షరాలు చూసి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "ఎంత పని చేశావురా! మంచివాళ్ళనే ఎందుకిస్తారనుకున్నావు? మనిషి గుణమే నేలకు వస్తుందిరా! సౌరభిక పిల్ల పదిమందికి పెట్టేది, అందుకే అక్కడ పంట. మీ అమ్మ ఓర్చుకునేది, అందుకే మీ దేశంలో కరువు లేదు. ఈ రాజు ఏం చేసేవాడో నీకు తెలియదా?"

కాళ్ళ కింద నేల పటపటమని పళ్ళు కొరికింది.

పచ్చని పైరు కళ్ళముందే ముళ్ళకంపగా మారింది. నూటొక్క సెలయేళ్ళూ ఉన్నచోటే నిలిచిపోయి, ఎవరికీ ఇవ్వనన్నట్టు వెనక్కి, కొండల్లోకి పాకాయి. కోట కోసం పేర్చిన రాళ్ళు వాటంతట అవే ఒకదానిమీద ఒకటి ఎక్కి బురుజులు కట్టుకున్నాయి. ఏనుగొకటి కాలు మోపిన చోట నేల నోరు తెరిచి దాని గొలుసును పుటుక్కున కొరికేసింది. సైనికులు డాళ్ళూ కత్తులూ పారేసి పరుగందుకున్నారు. తమ రాజును అంత దగ్గరగా తొక్కాల్సి రావడం వాళ్ళకు అదే మొదటిసారి.

కరాళజిహ్వుడు కొంతసేపు కొయ్యబారి నిలబడ్డాడు, ఈసారి ఏ మంత్రమూ లేకుండానే. ఆ తరవాత అతని మొహం విప్పారింది. "ఇన్నేళ్ళూ ఈ ఆలోచన నాకెందుకు రాలేదు! సైన్యమెందుకు, ఏనుగులెందుకు? దేశమే దండెత్తి వెళ్తుంటే!" అని ముళ్ళమీదే సాష్టాంగపడి, "ప్రభూ, ఎటు?" అని అడిగాడు.

నేల మాటతో చెప్పలేదు. నల్లరాయి ఒక జానెడు ముందుకు జరిగింది, మేఖల వైపు. దాని వెనకే ముళ్ళకంప జానెడు పాకింది. మళ్ళీ ఇంకో జానెడు.

సింగన పరుగెత్తుకెళ్ళి రెండు రాళ్ళకూ మధ్య నిలబడ్డాడు. అప్పుడు అతని రక్తం గడ్డకట్టే సంగతి ఒకటి చూశాడు. ఉద్దండ రాయి జానెడు ముందుకు వస్తే, మేఖల రాయి జానెడు వెనక్కి తగ్గుతోంది. అడిగినవాడికి కాదనకపోవడం ఆమె గుణం. ఉన్నదంతా ఇస్తుంది. చివరి పొలం, చివరి గడప, చివరి పిల్లాడి దాకా ఇచ్చి, ఇంకా ఇవ్వడానికి ఏమీ లేదేనని నొచ్చుకుంటుంది.

"అమ్మా, తగ్గకు! తగ్గకమ్మా!" అని అరిచాడు. రాయి ఇంకో జానెడు తగ్గింది. దాని వెనక మేఖల పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్ళు నడుములెత్తి, కదిలే రాళ్ళను చూసి చేతిలో గడ్డి జారవిడిచారు.

"దారి లేదా తాతా?" అన్నాడు సింగన.

"దేశానికీ దేశానికీ మధ్య ఇంకో దేశం నిలవాలి. పక్కకు జరగనిది. ఓర్పుగలవాళ్ళు పనికిరారు దానికి." ఒకటి పగిలితే ఇంకోటి ఉండాలని శిల్పులు ఎప్పుడూ రెండు రాళ్ళు తెస్తారు. ఆ రెండో రాయి బండి మీంచి దింపి అక్కడే, రెండు పొలిమేరల నడుమ, ఎవరిదీ కాని పట్టెడు నేలమీద నిలబెట్టి ఉంది. ముమ్మయ దానివైపు చూసి వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. కానీ సింగన ఆ చూపు చూశాడు.

వెంటనే ఆ రాతి ముందు కూర్చుని చెక్కడం మొదలుపెట్టాడు. అంత వేగంగా ఏ శిల్పీ ఏనాడూ చెక్కి ఉండడు. రాతిపొడి మొహమంతా కప్పేసింది. చెంగలువకు అక్షరాలు రావు. అయినా అతను ఎవరి పేరు చెక్కుతున్నాడో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"వద్దన్నా! కావాలంటే నా పేరు చెక్కు!"

"నువ్వూ తగ్గుతావు చెల్లీ. నేను తగ్గను. మా ఊళ్ళో ఎవరినైనా అడుగు."

మూడో అక్షరమూ పూర్తయింది, ఒక్క తలకట్టు తప్ప. సింగన ఉలిని నోట కరచి, ఎడమ అరచెయ్యి రాతికి ఆనించి, సుత్తి సవరించుకున్నాడు. ముమ్మయకు ఉండబట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా దాచుకున్నదంతా ఒక్క అరుపులో బయటపడింది.

"సింగనా! ఒరే సింగనా! ఒకే ఇంటినుంచి ఇద్దరినా?"

ముళ్ళమీద పడి ఉన్న కరాళజిహ్వుడు చటుక్కున తలెత్తాడు. నల్లనాలుక వేలాడింది. "సింగనా!" అని పిలిచాడు.

ఈసారి నటించాల్సిన పని లేకపోయింది. సింగన ఎడమచెయ్యి రాతికి అతుక్కున్నట్టే బిగుసుకుంది. కుడిచేతిలో సుత్తి గాలిలో ఆగింది. పళ్ళ మధ్య ఉలి అలాగే ఉండిపోయింది. కళ్ళు ఒక్కటే అతని స్వాధీనంలో ఉన్నాయి. ఉద్దండ రాయి ఆరు అడుగుల దూరానికి వచ్చింది. మాంత్రికుడు పెదాలు బిగించుకుని లేచి కూర్చుని, ఇక చూస్తే చాలన్నట్టు చేతులు కట్టుకున్నాడు. ముమ్మయ ఎనభై ఏళ్ళవాడు, చేతులు వణుకుతాయి. ఇంకొకతి పడవపిల్ల, ఓర్పుగలది.

చెంగలువ మెడలోని గన్నేరు దండ తెంపి అవతల పారేసింది. వచ్చి సింగన పళ్ళ మధ్య నుంచి ఉలి తీసుకుంది. పిడికిలి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి సుత్తి తీసుకుంది.

మాంత్రికుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమెను పేరుపెట్టి పిలవడానికి నోరు తెరవబోయి గట్టిగా మూసేసుకున్నాడు. మాట వస్తే కట్టు విడిపోతుంది, సింగన చెయ్యి కదులుతుంది. మాట రాకపోతే ఈ పిల్ల ఆగదు. రెండు చేతులూ గాలిలో ఊపుతూ ముళ్ళకంపలో పడి లేస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. ఉద్దండ రాయి మూడు అడుగులకు చేరింది. వెనక మేఖల రాయి ఇంకో జానెడు తగ్గింది.

"నాకు అక్షరం రాదన్నా," అంది చెంగలువ. ఆమె బుగ్గలమీద నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి మాత్రం తొణకడం లేదు. "ఆ చివరి గీత ఎక్కడ కొట్టాలో కళ్ళతో చూపించు."

కావాలంటే సింగన ఆకాశం వైపు చూడవచ్చు. అటు చూస్తే బతుకుతాడు.

అతని చూపు మూడో అక్షరం నెత్తిమీదికి దిగి అక్కడే నిలిచింది.

చెంగలువ అక్కడ ఉలి ఆనించి సుత్తి ఎత్తింది.